రెండు వందల పన్నెండో నంబరు ల్యాంపు

నాలుగు కొట్టందే తలుపు తీసేది లేదని ఆయమ్మ ఖరాకండిగా చెప్పేసి లోపల గొళ్లెం పెట్టుకుంది. ఇంకా మూడు కూడా కాలేదు. పిల్లల వార్డు బయట ఇనుప బెంచీ కాలిపోతోంది, అయినా యమున దాని మీదే కూర్చుంది, ఒళ్లో సంచి పెట్టుకుని, సంచిలో యాపిల్ పండ్లు, డజను నారింజలు, ఉడకబెట్టిన గుడ్లు, రంగు పెన్సిళ్లు, ఒక ఊలు టోపీ, పండ్లు కోయడానికి ఒక చాకు, కుడి పిడికిట్లో ఇత్తడి బిళ్ల, దాని మీద చెక్కిన అంకె ఇరవై మూడు. ఇరవై మూడో మంచం మీది పిల్ల తండ్రి ఈపాటికి చచ్చి ఉండాలి. ఆ మాట ఆమె పొద్దుటి నుంచి లోపల్లోపల అనుకుంటూనే ఉంది, బియ్యం కడిగేటప్పుడు అనుకుంది, ఆటో ఎక్కేటప్పుడు అనుకుంది, ఇప్పుడు చెమట మెడ మీంచి వీపులోకి కారుతుంటే మళ్లీ అనుకుంది, చచ్చి ఉండాలి, చావకపోయినా చీకట్లో గోడలు తడుముకుంటూ, మోకాళ్లు చిట్లి, నోట్లో బొగ్గు దుమ్ము పడి, ఎవరన్నా ఉన్నరా అని అరుస్తూ ఉండాలి. అరవాలి వాడు. గొంతులోంచి నెత్తురు వచ్చేదాకా అరవాలి.

చేసింది పెద్ద పనేం కాదు. చేసింది అనడానికి కూడా లేదు, చేయవలసినది ఒకటి చేయలేదు, అంతే. గని మీద ల్యాంపు రూములో ఆమె ఉద్యోగం, మొగుడు పోయాక ఇచ్చిన ఉద్యోగం. షిఫ్టుకు దిగే ప్రతి మనిషీ కిటికీ దగ్గర తన ఇత్తడి బిళ్ల ఇచ్చి నెత్తికి పెట్టుకునే ల్యాంపు తీసుకుంటాడు, ఆ బిళ్లను బోర్డుకు తగిలిస్తారు, పైకి వచ్చి ల్యాంపు అప్పగించాక బిళ్ల తిరిగి ఇస్తారు. బోర్డు మీద బిళ్ల ఉందంటే మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నట్టు. వచ్చిన ల్యాంపును చార్జింగు ర్యాకులో పెట్టి దాని తలను పక్కకు ఒక్క తిప్పు తిప్పాలి, టక్కుమనాలి, అప్పుడే కరెంటు ఎక్కుతుంది. నిన్న మధ్యాహ్నం మూడున్నరకు రెండు వందల పన్నెండో నంబరు ల్యాంపును యమున ర్యాకులో పెట్టింది గాని తిప్పలేదు. వేళ్లు అలవాటు కొద్దీ తిప్పబోయాయి కూడా, ఆమే వాటిని వెనక్కి లాక్కుంది. ఆ వరుసలో చార్జింగు తెలిపే చిన్న లైట్లు చెడిపోయి ఏడాదైంది, కాబట్టి ఈ పొద్దుటి షిఫ్టులో ల్యాంపులు ఇచ్చే సారక్కకు తెలిసే దారి లేదు. మిగిలి ఉన్న కాస్త కరెంటుతో కిటికీ దగ్గర వెలుగుతుంది, గని దిగేటప్పుడు వెలుగుతుంది, మహా అయితే మూడు గంటలు. ఆ తర్వాత పోతుంది. మిగతా వాళ్లకైతే ఫికరు లేదు, దీపం పోయినవాడు ఉన్నచోటే కూర్చోవాలి, పక్కవాడి వెలుగులో బయటికి రావాలి, గనిలో మొదటి రోజు నేర్పే పాఠం అదే. ఆ ల్యాంపు ఆ పిల్ల తండ్రి పోశానిది, వాడికి పక్కవాడు లేడు. అన్నిటికన్నా కింది లెవెల్లో, బొగ్గు తీసి వదిలేసిన పాత పనుల పక్కన, నీళ్లు తోడే పంపు దగ్గర ఎనిమిది గంటలూ వాడొక్కడే. వాడొక్కడే అన్న సంగతి యమునకు బాగా తెలుసు. తెలిసే తిప్పలేదు.

మూడేళ్ల కిందట వాడు పంపు మీద లేడు, హాలేజీ మీద ఉన్నాడు, బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే మోటారు మీద. కింద నుంచి గంట మూడుసార్లు మోగితేనే ఆ మోటారు వేయాలి. మోగలేదు. వేశాడు. ఆమె మొగుడు ప్రశాంత్ అప్పుడు రెండు టబ్బుల మధ్య వంగి కొక్కెం తగిలిస్తున్నాడు. ఇంటికి తెల్లగుడ్డలో చుట్టి తెచ్చి ముఖం ఒక్కటే చూపించారు, నడుం కింద చూడొద్దు బిడ్డా అన్నారు, ఆమె గుడ్డ లాగింది, నలుగురు పట్టుకున్నా లాగింది, చూసింది. ఆ చూసింది ఏమిటో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మార్కెట్లో మాంసం కొట్ల వరుస వచ్చిందంటే మాత్రం చుట్టు తిరిగి పోతుంది. విచారణలో పోశం, గంట మూడుసార్లు విన్న సార్, అన్నాడట. ప్రశాంత్ పక్కన పనిచేసిన మనిషి ఇంటికొచ్చి, గంట మోగలేదక్కా, అని యమున కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు, వాడే మర్నాడు విచారణలో పోశం మాటకు తల ఊపి వచ్చాడు. తప్పు చచ్చినవాడిది అయింది. చచ్చినవాడైతే ఎదురు చెప్పడు కదా, ఎంత బరువైనా మోస్తాడు. పదిహేను రోజులు ఇంట్లో కూర్చుని పోశం పంపు పనికి వచ్చాడు, మూడేళ్లుగా ఈమె చేతి నుంచే వెలుగు తీసుకుని దిగుతున్నాడు, దిగేటప్పుడు కిటికీలోంచి తల వంచి, మంచిగున్నవా చెల్లె, అంటాడు. చెల్లె. ఆ మాట వినపడినప్పుడల్లా ల్యాంపును దాని తీగతో సహా పైకెత్తి వాడి నోటి మీద, పై వరుస పళ్లు గొంతులోకి దిగేటట్టు, ఒక్కటి, ఇంకొకటి, కిటికీ చెక్క మీద వాడి తలకాయ ఆనించి ఇంకొకటి. చేతులు మాత్రం బుద్ధిగా బిళ్ల తీసుకుని ల్యాంపు ఇచ్చేవి. ఇచ్చి, తర్వాతి నంబరు, అనేవి.

ఈ బిళ్లల పిచ్చి ఆసుపత్రి దాకా పట్టుకొచ్చినవాడు అస్గర్ భాయి. గని వర్కుషాపులో ముప్ఫై ఏళ్లు మెకానిక్కు చేసి రిటైరయ్యాక ఆయనకు ఆటో ఒకటి, పిల్లల వార్డు ఒకటి మిగిలాయి. రెండు వారాలకోసారి బుధవారం కాలనీల్లో తిరిగి పండ్లు, పాలపొడి, బొమ్మలు, దుప్పట్లు పోగుచేసి, సెలవున్న పదిమందిని ఆటోలో కుక్కి తీసుకొస్తాడు. ఒక్క అరటిపండును ఎనిమిది చేతులు పట్టుకుని ఫొటో దిగే దాతలను గేటు దగ్గరే ఆపేస్తాడు. మొదట్లో ఎవరికి ఇష్టమైన మంచం దగ్గరికి వాళ్లు పోయేవాళ్లు, నవ్వే పిల్లల దగ్గర అందరూ మూగేవాళ్లు, ప్రాణం మీదికి వచ్చిన పిల్లల దగ్గరికి ఒక్కరూ పోయేవాళ్లు కాదు. అది చూసి ఆయన పాత ఇత్తడి బిళ్లలు తెచ్చి మంచాల నంబర్లు చెక్కి డబ్బాలో వేశాడు. చూడకుండా తీయాలి, వచ్చిన మంచం దగ్గరికే పోవాలి, పిల్లతో కూర్చుని వచ్చాక బిళ్ల ఆటోలోని మేకుకు తగిలించాలి. అన్ని బిళ్లలూ వచ్చేదాకా ఆటో కదలదు. ఆ డబ్బాకు చెయ్యి పట్టేంత కంత కోసి, చేతులు గీరుకోకుండా అంచు చుట్టూ సైకిల్ ట్యూబు అతికించింది ఉపేందర్, ప్రశాంత్ తమ్ముడు, యమున మరిది. ఈ నారింజలు కూడా వాడే నిన్న తెచ్చి పెట్టాడు. పుల్లగుంటే నా మీద పడకు వదినా, అని నవ్వాడు. ఉపేందర్ ఇంకా బదిలీ మనిషే, తనకంటూ పని లేదు, ల్యాంపు లేదు, రోజూ పొద్దున్నే గని దగ్గర నిలబడి ఎవరు నాగా పెడితే వాళ్ల బదులు దిగుదామని చూస్తాడు. పర్మినెంటు అయ్యేసరికి నేను ముసలోన్నయిత వదినా, అంటాడు. తేలిగ్గానే అంటాడు గాని వాడికి పెళ్లి కుదరక ఆగింది దాని మూలానే.

చూడకుండా తీయాలనేది మిగతా అందరికీ చెల్లుతుంది, యమునకు చెల్లదు. మూడేళ్లుగా రోజుకు నాలుగు వందల బిళ్లలు ఆ వేళ్ల మీదుగా పోతున్నాయి, కరెంటు పోయినప్పుడు చీకట్లోనే తడిమి నంబరు చెప్పగలదు. ఇవాళ డబ్బాలో చెయ్యి పెట్టి, రెండు, పక్కన మూడు, వేలి చివర గీత తగిలేదాకా వెతికి తీసింది. దొంగతనం చేసినట్టేం అనిపించలేదు. మొదటిసారి మాత్రం, ఆరు నెలల కిందట, ఆ బిళ్ల దానంతటదే వచ్చింది. మంచం మీద ఎనిమిదేళ్ల పిల్ల, పేరు హర్షిణి, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించకపోతే మనిషి నిలవదు, పెదవులు తెల్లగా, కళ్లు మాత్రం అల్లరివి. అత్తా అని పిలిచింది. మా నాయిన భూమిలకెల్లి నీళ్లు తోడుతడు, అంది. ఎందరి నాయినలో తోడతారు, యమున పట్టించుకోలేదు. నాలుగుసార్లు వచ్చింది, టోపీ అల్లి ఇచ్చింది, పిల్ల జడ వేసింది, ఇంటికి పోయాక కూడా ఆ పిల్ల మాటలు తలచుకుని ఒంటరిగా నవ్వుకుంది, అలా నవ్వి ఎంతకాలమైందో. ఐదోసారి నాలుగున్నరకు తలుపు తెరుచుకుని పోశం లోపలికి వచ్చాడు, చెవుల మడతల్లో బొగ్గు అలాగే ఉంది, పిల్ల రెండు చేతులూ పైకెత్తింది, వాడు వంగి ఆ చేతుల మధ్య తల పెట్టాడు.  వాడు తాగుబోతో, పెళ్లాన్ని తన్నేవాడో అయి ఉంటే యమున ఇంకా మూడేళ్లు ఓర్చుకునేదేమో. వాడు మంచి తండ్రి కావడం ఆమె భరించలేకపోయింది.

కిటికీ అద్దాలన్నీ ఒక్కసారిగా గజగజలాడాయి. ఊరవతలి ఓపెన్ కాస్టు గనిలో పేలుడు, రోజూ ఈ వేళకే, బెంచీ కింద నేల పొట్టలోంచి ఒక దెబ్బ పైకి వచ్చి నడుంకు తగిలింది, ఎవరూ తల ఎత్తి చూడలేదు. యమునకు ఆ దెబ్బ బాగుంది. అలాంటిది ఇంకొకటి రావాలి, పైకప్పు బండ ఊడి పడాలి, వాడి మీద, ముందు కాళ్ల మీద, వెంటనే చావకూడదు, నడుం కింద నుజ్జయి పైన తెలివి ఉండాలి, ప్రశాంత్‌కు ఎంతసేపు తెలివి ఉందో అంతసేపు ఉండాలి. అప్పుడు ఆ పిల్ల అడుగుతుంది, నాయిన ఇంకా రాలేదేందత్తా. అప్పుడు తను చెబుతుంది. ఆ మాట చెప్పడానికే ఈ బిళ్ల వెతికి తీసింది. పండు కోస్తూ, తొక్క తెగకుండా గుండ్రంగా తీస్తూ, నిదానంగా చెబుతుంది, మీ నాయిన చీకట్ల ఉన్నడే, ఇగ రాడు. ఆ తెల్లటి పెదవులు వణకడం చూస్తుంది. చూసి ఏం చేస్తుంది? అక్కడికి వచ్చేసరికి ఆలోచన ఆగిపోతోంది, గోడకు గుద్దుకున్నట్టు ఆగి మళ్లీ మొదటికి పోతోంది, మోకాళ్లు, దుమ్ము, అరుపు. పిడికిట్లో వేళ్లు ఏదో చేస్తున్నట్టు తోచి కిందికి చూసుకుంది. బొటనవేలు బిళ్లను పక్కకు తిప్పుతోంది, ఒక్క తిప్పు, మళ్లీ ఒక్క తిప్పు, నిన్న తిప్పనిదాన్ని. సిగ్గులేని వేళ్లు. వాటిని గట్టిగా మూసింది, బిళ్ల అంచు అరచేతిలో దిగింది. మూడు దాటి చాలాసేపైంది. పోశం ఇంకా రాలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడినప్పుడల్లా ఆమె తల తిప్పి చూస్తోంది, వాడు రాకూడదని కోరుకుంటోందో, వస్తే బాగుండునని కోరుకుంటోందో ఆమెకే తెలియకుండా పోయింది. అది తెలియకపోవడం ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించింది.

నాలుగు కొట్టింది, గొళ్లెం తీసిన చప్పుడు, ఆయమ్మ పక్కకు జరిగింది. ఇరవై మూడో మంచం పక్కన స్టూలు మీద పోశం కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల, చెవుల్లో బొగ్గు లేదు. పిల్ల చేతికి రక్తం ఎక్కుతోంది, గొట్టంలో ఎర్రగా. యమున గడపలోనే ఆగిపోయింది.

"రా చెల్లె," అన్నాడు పోశం లేచి స్టూలు జరుపుతూ. "తెల్లారగట్ల బాగ జరమొచ్చింది పోరికి. డ్యూటీకి నాగా పెట్టి గప్పటి నుంచి ఈడనే ఉన్న."

"మరి పంపు కాడికి?"

"ఎవలో బదిలాయన పోయిండట."

బదిలాయన. ఎవరి పనికి పోతే వాళ్ల ల్యాంపు. ఆ రెండు మాటలూ పక్కపక్కన నిలబడటానికి ఆమె బుర్రలో కాస్త వ్యవధి పట్టింది, ఆ వ్యవధిలోనే నడుముకు దోపిన ఫోను మోగింది, సారక్క. పోశం బతికి ఉన్నాడు, అడుగు దూరంలో ఉన్నాడు, వాడి ఊపిరి చప్పుడు వినిపిస్తోంది, ఫోను చెవికి ఆనించింది.

"యమునా, ఉపేందర్ ఇంకా పైకి రాలేదే. షిఫ్టయి గంటాయె, బిళ్ల బోర్డు మీదనే ఉన్నది. పోశం నాగా అని గాయిన్నే పంపు కాడికి తోలిండ్రు, ల్యాంపు గూడ పోశందే ఇచ్చిన. మనుషులు పోయి చూస్తే పంపు కాడ లేడట. రెండు వందల పన్నెండు నిన్న నువ్వే గద పెట్టింది, చార్జింగు మంచిగయిందా? సారు అడుగుతుండు."

"అయింది," అంది యమున.

అంత తేలిగ్గా వచ్చింది. ఆమె చెప్పలేదు, నాలుక చెప్పింది, చెప్పి పళ్ల వెనక దాక్కుంది. ఇట్లానే చెప్పి ఉంటాడు. ఆ గదిలో, ఆ సార్ల ముందు, ఎవరో అడిగి ఉంటారు, గంటలు విన్నవా, విన్న సార్. ఇంతే కాలం పట్టి ఉంటుంది. మూడేళ్లు ఆ అబద్ధాన్ని పన్నిన పన్నాగమని పగబట్టింది, అది పన్నాగం కూడా కాదు, భయపడ్డ నాలుక. సారక్క ఇంకా మాట్లాడుతోంది. "అయితే లైటుంటది తీయ్. లైటుంటే పాత పనుల దిక్కు పోయిండేమో అంటున్నరు, అందరు అటే పోతున్నరు," అంటూ పెట్టేసింది. అటు కాదు. యమునకు కళ్ల ముందు నాలుగు ల్యాంపులు ఊగుతూ తప్పుదారిలో దూరంగా పోతున్నాయి, ఇటు చీకట్లో ఉపేందర్, నారింజలు తెచ్చిన ఉపేందర్, గోడలు తడుముకుంటూ, మోకాళ్లు చిట్లి, నోట్లో దుమ్ము పడి, తను పొద్దుటి నుంచి కోరిన ప్రతి దెబ్బా ఒక్కటి వదలకుండా వాడి మీద. రెండుసార్లు తప్పు నొక్కి మూడోసారి కలిపింది.

"అక్కా, కాలే. చార్జింగు కాలే. ర్యాకుల పెట్టిన గని తిప్పలే. మర్చిపోయి కాదు. పోశం ల్యాంపని తిప్పలే."

అటు పక్క సారక్క ఏమందో వినలేదు. పోశం ముఖం చూస్తోంది. ఆ ముఖం ముక్కలు ముక్కలుగా అర్థం చేసుకుంది, ముందు ల్యాంపు, తర్వాత తన నంబరు, తర్వాత తన చావు. తర్వాత వాడి చెయ్యి వచ్చింది, కొప్పు దొరకబుచ్చుకుని ఆమె తలను గోడకేసి కొట్టింది, ఫోను పడింది, సంచి పడింది, నారింజలు మంచాల కిందికి దొర్లాయి, చాకు నేల మీద జారుకుంటూ పోయి ఎక్కడో ఆగింది. వాడి రెండో చెయ్యి పిడికిలై ఆమె ముఖం ముందు లేచింది. కొట్టు, అనుకుంది యమున, పళ్లు రాలేటట్టు కొట్టు, దేవుడా వీణ్ని కొట్టనీ. "నాయినా," అని పిల్ల కీచుమంది, చేతికి గొట్టం ఉందని మరిచి లేవబోయింది. ఆయమ్మ పరిగెత్తుకొచ్చింది. పిడికిలి అక్కడే ఆగిపోయింది. నేల మీద ఫోనులోంచి సారక్క గొంతు చిన్నగా, యమునా, యమునా, అంటోంది. పోశం కొప్పు వదిలి, వంగి ఆ ఫోను తీసుకున్నాడు.

"సారక్కా, నేను పోశాన్ని. ఎన్నింటికి దిగిండు? ఏడింటికా. చార్జింగు లేని ల్యాంపు మూడు గంటలే, అంటే పంపు ముట్టిచ్చి మళ్లొచ్చేటప్పుడు ఆగిపోయింటది. పాత పనుల దిక్కు వద్దు, అక్కడ గాలాడది, మనోళ్లు గూడ పడతరు. పంపు కాన్నుంచి ఎడమ చెయ్యి గోడకు పెట్టి నడిస్తే రెండో అడ్డదారిలకు పోతం, చీకట్ల ఎవ్వడైనా గాన్నే పోతడు. నేను గూడ ఒకసారి పోయిన. అక్కడ లోతు కాలువున్నది. అండ్ల చూడున్రి, జల్ది."

ఫోను మంచం మీద పెట్టి ఆమె వైపు చూడకుండా పిల్ల పక్కన కూర్చున్నాడు. ఆయమ్మ ఇద్దరినీ తిట్టి, గొట్టం సరిచేసి పోయింది. యమున గోడకు ఆనుకుని అలాగే కిందికి జారింది, తల వెనక వెచ్చగా తడి తగిలింది, తుడుచుకోలేదు. గొట్టంలో చుక్క చుక్కగా ఎవరి రక్తమో పిల్లలోకి దిగుతోంది. ఒక చుక్క, ఉపేందర్. ఇంకో చుక్క, ఉపేందర్. చుక్కకూ చుక్కకూ మధ్య ఎంత దూరమో, అంత దూరం ఆమె ఎప్పుడూ నడవలేదు. పొద్దుటి నుంచి అంత నోరు పెట్టుకుని తిట్టిన లోపలి మనిషి ఎక్కడికి పోయిందో, ఒక్క మాట లేదు. హర్షిణి మంచం మీంచి వంగి ఆమెను చూస్తోంది. "అత్తా, నెత్తురు," అంది మెల్లగా. మధ్యాహ్నం దాచుకున్న మాట, ఈ పిల్లకు చెప్పాలని వెతుక్కుంటూ వచ్చిన మాట, యమునకు గుర్తొచ్చి ముఖం మోకాళ్లలో పెట్టుకుంది.

నాలుగున్నర దాటాక ఫోను మోగింది. పోశం తీయలేదు, ఆమెకు అందించాడు.

"దొరికిండే," అంది సారక్క, ఆ గొంతులో సంతోషం లేదు, అలసట ఉంది. "పోశం చెప్పిన కాలువలనే. మోకాలు చిప్ప పలిగింది, నెత్తురు బాగ పోయింది, గని మాట్లాడుతుండు. గన్ని గంటలు చీకట్ల ఎట్లున్నవురా, భయం కాలేదా అని అడిగినరట. ల్యాంపు రూముల మా వదిన ఉన్నది గద, ఇయ్యాల సెలవైనా మూడు దాటినంక నా బిళ్ల సంగతి అడగకపోతదా, అన్నడట." వెంటనే ఇంకో మాట అంది, "సారు నిన్ను రమ్మంటుండు యమునా."

"ఏమన్నడట?" అన్నాడు పోశం. యమున చెప్పింది, మరిది అన్నది అన్నట్టు, ఒక్క మాట మింగకుండా చెప్పింది. వాడు విన్నాడు, కూతురి దుప్పటి అంచు సర్దుతూ ఉండిపోయాడు. కింద అస్గర్ భాయి హారన్ కొడుతున్నాడు, ఒకసారి, ఆగి మళ్లీ ఒకసారి. అందరి బిళ్లలూ వచ్చాయి, ఒక్కటి రాలేదు. యమున పిడికిలి తెరవబోయింది గాని ఇరవై మూడో బిళ్ల మీంచి వేళ్లు రాలేదు.